రెండో గొంతు
(బాలాపూర్‌లో చేసిన స్మారక ఉపన్యాస పాఠం)



మన సంగీతం మాస్టారి జ్ఞాపకార్థం చేసే ఈ ఉపన్యాసంలో సంగీతానికి సంబంధించి ఏ విషయమైనా ఫర్వాలేదన్నారు నిర్వాహకులు. స్వింగ్ జాజ్ పాడే చిన్న గాయక బృందాల గురించి మాట్లాడతానన్నాను. ఒకరిద్దరు కాస్త ఆశ్చర్యపోయారు. మాస్టారు నేర్పింది అన్నమయ్య, రామదాసు కదా, అమెరికా వాళ్ళ డాన్సు పాటలతో మనకేం పని అని. పని ఉంది. మాస్టారి దగ్గర కోరస్ నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆయన అసలు బాణీ చివర్లో చెప్పేవారు. ముందు పక్క గొంతులకి పాఠం అయ్యేది. పక్క గొంతు పాడే పిల్ల ఎవరి ఆసరా లేకుండా తన వరస మొదటి నుంచి చివరిదాకా ఒక్కతే నిలబెట్టాలి. అది కుదిరాకే మిగతావాళ్ళని పిలిచేవారు. ఈ పద్ధతినే నమ్ముకుని ఒక కళ మొత్తం ఎదిగింది. పేరు క్లోజ్ హార్మొనీ. అందులో రెండో గొంతుకీ మూడో గొంతుకీ మొదటి గొంతుతో సమానమైన మర్యాద ఉంది. మన తెలుగు పాటలో ఆ గొంతులు ఎప్పటినుంచో ఉన్నాయి, వాటికి పేర్లే లేవు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

నలుగురు పాడుతున్నారనుకోండి. బాణీ పై గొంతులో ఉంటుంది. మిగతా మూడూ దాని కిందే, ఒక స్థాయి దాటి పోకుండా, దగ్గర దగ్గర స్వరాల మీద నిలబడతాయి. బాణీ ఎక్కితే నాలుగూ ఎక్కుతాయి, దిగితే నాలుగూ దిగుతాయి. 1930ల్లో, 40ల్లో గ్లెన్ మిల్లర్ వంటివారి బ్యాండుల్లో శాక్సఫోన్లు ఒక వరసలో కూర్చుని ఇలాగే వాయించేవి. ఆ వరస మొత్తాన్నీ ముగ్గురు నలుగురు మనుషులు గొంతులతో పలికించారు.

జంట గాయకులు మనకు కొత్త కాదు. మన నగరం పేరే పెట్టుకున్న హైదరాబాద్ బ్రదర్స్ ఉన్నారు, విజయవాడ మల్లాది సోదరులు ఉన్నారు. వాళ్ళ పాటలో గొప్పదనం రెండు గొంతులు ఒక్కటైపోవడంలో ఉంది. క్లోజ్ హార్మొనీ దారి వేరు. గొంతులు కలవాలి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోకూడదు. రెండో గొంతు తన స్వరం మీద గట్టిగా నిలబడితేనే మొదటి గొంతుకి నిండుదనం వస్తుంది.

ఆ నిండుదనం ఎక్కడినుంచి వస్తుందో వినిపిస్తాను. ఈ తంబూరాలో మంద్ర షడ్జం తీగ ఒక్కటే మీటుతాను. మాట్లాడకుండా కాసేపు వినండి. షడ్జం మీద ఇంకో స్వరం సన్నగా తేలుతోంది, విన్నారా? అది అంతర గాంధారం. ఎవరూ మీటలేదు, తీగలోనే పుట్టింది. మన విద్వాంసులు దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. ఇప్పుడు హార్మోనియం మీద అదే గాంధారం నొక్కుతాను. రెండూ ఒకటి కావు. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరాన్ని 100 సెంట్లుగా లెక్కపెడితే, హార్మోనియం గాంధారం షడ్జానికి 400 సెంట్ల పైన ఉంటుంది, తంబూరాలో పుట్టేది 386 దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడాయే క్లోజ్ హార్మొనీకి ప్రాణం. గొప్ప బృందాల్లో గాంధారం పట్టుకున్న గాయని పియానోని నమ్ముకోదు. పక్కవాళ్ళ షడ్జం, పంచమం వింటూ తన స్వరాన్ని పిసరు దించుతుంది. దించిన క్షణాన నాలుగు గొంతులూ ఒక్కసారి మోగుతాయి. ఎవరూ పాడని పై స్వరం ఒకటి గదిలో వినిపిస్తుంది. తంబూరా పక్కన కూర్చుని శ్రుతి కుదుర్చుకునే పిల్లకి ఆ చెవి ముందే ఉంది. మనం సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదని ధైర్యంగా అంటున్నాను.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. న్యూ ఓర్లీన్స్‌లో పెరిగిన బాస్వెల్ అక్కచెల్లెళ్ళు ముగ్గురు. మార్తా, కోనీ, వెట్. చిన్నప్పుడు శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. ఒకరు పియానో, ఒకరు చెలో, ఒకరు వయొలిన్. ఊళ్ళో జాజ్ మోగుతుంటే చెవులు మూసుకోలేదు. కోనీ బాస్వెల్‌కి పసితనం నుంచీ నడక లేదు, వేదిక మీద కూర్చునే పాడేది. 1930ల మొదట్లో బ్రున్స్‌విక్ కంపెనీకి వాళ్ళు ఇచ్చిన రికార్డులు ఇవాళ విన్నా ఒళ్ళు ఝల్లుమంటుంది. మూడు నిమిషాల పాటలో కాలం మారుస్తారు, శ్రుతి మారుస్తారు, సంతోషంగా ఉన్న బాణీని ఉన్నట్టుండి విషాదంలోకి తిప్పుతారు, మాటలు వదిలేసి అర్థం లేని అక్షరాలతో పరుగు తీస్తారు. మన జతులు, కొన్నక్కోలు తెలిసినవాళ్ళకి ఆ పరుగు వింతగా అనిపించదు. ఎల్లా ఫిట్జెరాల్డ్ అంతటి గాయని తాను కోనీ బాస్వెల్ లాగా పాడాలని ప్రయత్నించి గాయనినయ్యానని చెప్పుకుంది.

ఈ కళ ఆ రోజుల్లోనే వికసించడానికి కారణం ఉంది. 1925లో మైక్రోఫోన్‌తో రికార్డు చేసే పద్ధతి వచ్చింది. అంతకుముందు గరాటు లాంటి పెద్ద కొమ్ములోకి గట్టిగా పాడితే తప్ప ప్లేటు మీద గొంతు పడేది కాదు. గట్టిగా అరిచే నాలుగు గొంతుల మధ్య 14 సెంట్ల తేడా ఎవరికి వినపడుతుంది? మైక్రోఫోన్ వచ్చాక నలుగురు తలలు దగ్గర పెట్టుకుని మెల్లగా పాడగలిగారు. మెల్లగా పాడితేనే ఒకరి గొంతు ఒకరికి వినిపిస్తుంది.

ఒహాయో రాష్ట్రం పిక్వా అనే చిన్న ఊరి నుంచి వచ్చిన మిల్స్ సోదరులు నలుగురు. నోటితో ట్రంపెట్, ట్రాంబోన్, ట్యూబా పలికించేవారు. ఉన్న వాద్యం ఒక్క గిటారు. వినేవాళ్ళు నమ్మరేమోనని, ఒక గిటారు తప్ప ఇందులో వేరే వాద్యమేదీ లేదని రికార్డు చీటీ మీద కంపెనీయే అచ్చువేసింది. 1936లో గిటారు వాయిస్తూ కింది గొంతు పాడే పెద్ద సోదరుడు జాన్ చనిపోయాడు. ఆ చోటులోకి వాళ్ళ నాన్నే వచ్చి కొడుకుల పక్కన నిలబడి పాడాడు. కింది గొంతు లేకపోతే పాటే లేదని ఆ ఇంటికి తెలుసు.

మినియాపొలిస్‌లో ఆండ్రూస్ అక్కచెల్లెళ్ళు బాస్వెల్ రికార్డులు పెట్టుకుని చెవితో నేర్చుకున్నారు. 1937లో వాళ్ళకి పేరు తెచ్చిన పాట యిద్దిష్ భాషలో పుట్టి ఇంగ్లీషులోకి వచ్చింది. పాత పాటను చెవితో పట్టుకుని తమ గొంతుల్లో మళ్ళీ కట్టుకోవడం అప్పుడే మొదలైందన్నమాట. పునరుద్ధరణ అని ఇవాళ మనం పిలిచే పని ఈ కళకి పుట్టుకతో వచ్చిన అలవాటు.

లయ గురించి ఒక్క మాట. పిల్లలూ, తకిట తకిట అని చేత్తో తాళం వేయండి. మొదటి రెండక్షరాలూ కలిపి ఒకే దీర్ఘంగా లాగండి, మూడోది చివర్లో తగిలించండి. స్వింగ్ నడకకి దగ్గరగా వచ్చేశారు. కాలం పెరిగేకొద్దీ ఆ దీర్ఘం కురచవుతుంది, ఎంత కురచవ్వాలో పుస్తకం చెప్పదు. ఆ మూడో అక్షరాన్ని నలుగురూ ఒకే క్షణంలో పడేయాలి. ఒకరు రవ్వంత ముందు పడితే పాట కుంటుతుంది.

ఇంకో సంగతి. మోహన రాగంలో స రి గ ప ద. అందులోంచి స గ ప ద నాలుగూ తీసుకుని నలుగురు ఒకేసారి పలికితే వచ్చే నాదం స్వింగ్ పాటలు ముగిసే నాదమే. రిషభం కూడా కలిపితే ఇంకా నిండుగా ఉంటుంది. ఆ కాలపు బ్యాండులు, గాయక బృందాలు చివర్లో ఎన్నోసార్లు నిలబడింది ఈ నాదం మీదే. మన సినిమా సంగీత దర్శకులు మోహనని ఎంత ప్రేమించారో మీకు చెప్పక్కర్లేదు. వాళ్ళు వరసగా నడిపించిన స్వరాలనే అక్కడ ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు.

అంతటి కళ ఎందుకు వెనకబడింది? 1942 ఆగస్టులో అమెరికా వాద్యకారుల సంఘం రికార్డింగులు ఆపేసింది. గాయకులు ఆ సంఘంలో లేరు. కంపెనీలు వాద్యబృందం బదులు కోరస్ పెట్టి సోలో గాయకుల చేత రికార్డులు చేయించాయి. ప్రజల చెవి ఒంటరి గాయకుడికి అలవాటు పడింది. యుద్ధం అయ్యాక పెద్ద బ్యాండుల ఖర్చు భరించేవాళ్ళు తగ్గిపోయారు. కోరస్ వెనక్కి జరిగింది, ఒక్క ముఖం ముందుకొచ్చింది.

జర్మనీలో జరిగింది ఇంతకంటే బాధాకరం. 1927 చివర్లో హారీ ఫ్రోమ్మర్‌మాన్ అనే యువకుడు బెర్లిన్ పత్రికలో ప్రకటన ఇచ్చి గాయకులను పోగుచేశాడు. పియానో వాయించేవాడితో కలిపి ఆరుగురు. కామెడియన్ హార్మొనిస్ట్స్ అన్న పేరుతో యూరప్ అంతా మార్మోగారు. ఆరుగురిలో ముగ్గురు యూదులు. నాజీ ప్రభుత్వం వాళ్ళు కలిసి పాడకూడదంది. ముగ్గురు దేశం వదిలి వెళ్ళిపోయారు, ముగ్గురు ఉండిపోయారు. రెండు వైపులా కొత్త గాయకులని చేర్చుకుని బృందాలు కట్టారు. పాత నాదం రెండింటికీ రాలేదు. ఆ ఆరుగురూ మళ్ళీ ఒక్క వేదిక మీద పాడలేదు. వాళ్ళ అరిగిపోయిన రికార్డులు విని స్వరాలు రాసుకుని, ఆ పాటలని అలాగే పాడే బృందాలు తర్వాత జర్మనీలో వచ్చాయి. వాళ్ళని విన్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. బలవంతంగా తెంచిన దారాన్ని ముడివేస్తున్నారు వాళ్ళు.

అమెరికాలో ఆ ముడి వేసినవాడు టిమ్ హౌజర్. 1972లో న్యూయార్క్‌లో టాక్సీ నడుపుతున్నాడు. టాక్సీ ఎక్కిన లారెల్ మాసే అనే అమ్మాయి గాయని కావాలనుకుంటోందని తెలిసింది. ఇంకో ప్రయాణికుడి వల్ల జానిస్ సీగల్ పరిచయమైంది. బ్రాడ్వే నాటకంలో ఉన్న అలన్ పాల్ చేరాడు. మాన్హాటన్ ట్రాన్స్‌ఫర్ అలా ఏర్పడింది. రాక్ సంగీతం ఊపేస్తున్న రోజుల్లో వీళ్ళు 30 ఏళ్ళ నాటి స్వింగ్ పాటలు తీసుకున్నారు. 2014లో హౌజర్ పోయాడు. ఆయన చోటులో మరో గొంతు చేరింది, బృందం 2023లో వీడ్కోలు కచేరీ దాకా నడిచింది.

వాళ్ళు చేసినవాటిలో నాకు అన్నిటికంటే ప్రియమైనది వోకలీజ్. ఒక వాద్యకారుడు శాక్సఫోన్ మీద అప్పటికప్పుడు అల్లిన స్వరాలకి, ఒక్క స్వరం వదలకుండా, సాహిత్యం రాసి పాడటం. 1957లో డేవ్ లాంబర్ట్, జాన్ హెండ్రిక్స్, ఆనీ రాస్ ముగ్గురూ కౌంట్ బేసీ బ్యాండు పాటలకి ఈ పని చేశారు. మొదట కోరస్ గాయకులని పెట్టుకున్నారు. వాళ్ళకి స్వింగ్ నడక పట్టుబడలేదు. చివరికి ముగ్గురే రికార్డు మీద రికార్డు వేసి బ్యాండు మొత్తాన్నీ పాడారు. 1985లో మాన్హాటన్ ట్రాన్స్‌ఫర్ ఒక ఆల్బమ్ మొత్తానికీ హెండ్రిక్స్ చేతే సాహిత్యం రాయించింది. దానికి 12 గ్రామీ నామినేషన్లు వచ్చాయి.

స్వరానికి సాహిత్యం పొదగడం ఎవరి విద్య అండీ? శ్యామశాస్త్రి గారి భైరవి స్వరజతి గుర్తు తెచ్చుకోండి. ముందు స్వరం, ఆ స్వరానికి సరిగ్గా సరిపోయే తెలుగు సాహిత్యం, ఒక్కో చరణం ఒక్కో మెట్టు ఎక్కుతుంది. జాన్ హెండ్రిక్స్‌కి శ్యామశాస్త్రి తెలుసని నేననడం లేదు. ఒకే అవసరం రెండు చోట్ల ఒకే పని చేయించింది. స్వరజతి నేర్చుకున్న తెలుగు పిల్లకి వోకలీజ్ చేతికందే దూరంలో ఉంది. ఒక వీణ విద్వాంసుడి తానం తీసుకుని దానికి తెలుగు మాటలు కట్టి నలుగురు పాడితే ఎలా ఉంటుందో ఇంతవరకు నేను వినలేదు. వినాలని ఉంది.

మన వైపు కథ చెప్తాను. 1935లో లియోన్ ఆబీ అనే నల్లజాతి సంగీతకారుడు తన జాజ్ బ్యాండుతో బొంబాయి తాజ్ హోటల్లో వాయించాడు. ఆ సంగీతాన్ని అందిపుచ్చుకున్న గోవా వాద్యకారులు తర్వాత సినిమా స్టూడియోల్లో చేరారు. మద్రాసులోనూ పాశ్చాత్య స్వరలిపి చదవగలిగిన వాద్యకారులతో ఆర్కెస్ట్రాలు నిలిచాయి. 1948 నాటి చంద్రలేఖకి మన సాలూరి రాజేశ్వరరావు గారు ఎన్ని దేశాల సంగీతాలని ఒక గూటికి తెచ్చారో వినండి, కోరస్‌ని ఎలా వాడుకున్నారో వినండి. మన చెవిలోకి పాశ్చాత్య హార్మొనీ ప్రవేశించిన పెద్ద ద్వారం సినిమాయే. ఇంకో ద్వారం చర్చి. తెలుగు మాటలతో సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు పార్టులుగా పాడుకునే క్వయర్లు మన జిల్లాల్లో తరతరాలుగా ఉన్నాయి. ఆదివారం తప్పకుండా ఆల్టో పాడే ఆడపిల్లలు హార్మొనీలో మనకంటే ఎంతో ముందున్నారు. సంగీత సభలవాళ్ళు వాళ్ళని పిలవకపోవడం మనకే నష్టం.

మన సినిమా కోరస్‌లలో పాడింది ఎవరు? పాత పాటల పుస్తకం తెరవండి. గాయకుడి పేరు, గాయని పేరు, పక్కన ‘బృందం’. అంతే. మైకు చుట్టూ గుమికూడి, ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటినుంచీ పాడుతూ, రోజంతా నిలబడిన మనుషులు ఆ ఒక్క మాటలో సర్దుకున్నారు. ఎల్.ఆర్. ఈశ్వరి గారి అమ్మగారు కోరస్ గాయని. ఈశ్వరి గారూ అమ్మ వెంట వెళ్ళి కోరస్‌లోనే మొదలుపెట్టారు. తర్వాత ఆ గొంతు ఎంత దూరం వెళ్ళిందో తెలుగువాళ్ళందరికీ తెలుసు. అమ్మగారి గొంతు మాత్రం ‘బృందం’లోనే ఉండిపోయింది. ఏ పాటలో ఏ వరస ఆమె పాడారో ఇప్పుడు మనం వేలు పెట్టి చూపించలేం. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ గారు మద్రాసు యూత్ క్వయర్ పెట్టి భారతీయ భాషల పాటలని పార్టులుగా పాడించారు. సంగీతం రానివాళ్ళనీ చేర్చుకుని గొంతు దిద్దారు. రెహమాన్ గారు 1993లో, తెలుగులో ‘దొంగ దొంగ’గా వచ్చిన సినిమాకి, వాద్యాలు లేకుండా ఒక పాట మొత్తాన్ని గొంతుల మీదే నడిపించారు. హాల్లో జనం ఆ కోరస్‌ని కూనిరాగం తీస్తూ బయటికొచ్చారు. తెలుగు శ్రోత హార్మొనీని వినలేడన్న మాట నేను ఒప్పుకోను.

ఇబ్బందులున్నాయి, దాచను. తోడి, శహన వంటి గమక ప్రధానమైన రాగాలని నాలుగు గొంతుల్లో నిలబెడితే రాగం చచ్చిపోతుంది. ఊగే గాంధారం మీద ఇంకొకరు స్వరం ఆనించి నిలబడలేరు. ఆ పని చేయొద్దని చేతులు జోడించి చెప్తున్నాను. మోహన, హంసధ్వని, శంకరాభరణంలో కొన్ని నొట్టుస్వరాలు, మన జానపద బాణీలు, ఇవి ఓర్చుకుంటాయి. పాత తెలుగు సినిమా కోరస్‌లు ఇంకా బాగా ఓర్చుకుంటాయి. వాటిలో చాలావాటికి హార్మొనీ సగం ముందే రాసి ఉంది. రికార్డు పెట్టుకుని, ఆండ్రూస్ అక్కచెల్లెళ్ళు చేసినట్టు, ఒక్కో గొంతునీ చెవితో విడదీసి రాసుకోవాలి.

బాలాపూర్ అనగానే లోకానికి గణేశుడి లడ్డూ గుర్తొస్తుంది. 1994లో 450 రూపాయలకి పాడుకున్న లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యి పలికింది. పాడుకున్నవారి పేరు పత్రికలన్నీ వేస్తాయి, వేయాల్సిందే, ఆ డబ్బు ఊరి పనులకి పోతుంది. బొడ్రాయి దగ్గర వేలం మొదలయ్యే ముందు ఊరేగింపులో భజన చేస్తూ వీధులన్నీ తిరిగేవాళ్ళు ఉన్నారు. ఆ గుంపులో మూలన ఒకాయన ఎవరూ నేర్పకుండానే కింది స్థాయిలో వేరే వరస పాడుతుంటారు. మీలో చాలామంది విన్నారు. అలాంటి గొంతుల్ని వెతికి పట్టుకుందాం.

మాస్టారి పేరిట ఉన్న నిధి కమిటీకి నావి మూడు విన్నపాలు. ఈ ఊరి భజన బృందాల నుంచి, చుట్టుపక్కల చర్చి క్వయర్ల నుంచి, బడిపిల్లల నుంచి నాలుగు గొంతులు ఏరి ఒక బృందం కట్టండి. వాళ్ళకి మొదటి పాఠంగా తంబూరా ముందు గాంధారం చెప్పండి. వచ్చే ఏడాది ఈ సభలో వాళ్ళు పాడినప్పుడు, ఆహ్వానపత్రం మీద నలుగురి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో, ఎవరు ఏ గొంతో పక్కన రాసి, అచ్చువేయించండి. ఆ అచ్చు ఖర్చు నాది. మోహనలో ఒక చిన్న కోరస్‌కి రెండో గొంతు, మూడో గొంతు వరసలు నేను రాసి తెచ్చాను. ముందు వరసలో ఉన్న పిల్లలు సభ అయ్యాక నా దగ్గరికి వచ్చి తలా ఒక కాగితం తీసుకోండి. మొదటి గొంతు వరస ఇంకా రాయలేదు, అది తర్వాత పంపిస్తాను.